టెక్ సందేహాలు: ఫ్రెండ్స్ అంతా కేక అంటున్నారు, మిక్స్ మాత్రం ఎక్కడో తేడా కొడుతోంది

ప్రశ్న: మేం నలుగురం, వరంగల్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాం. బెడ్‌రూమ్‌లోనే ఒక హెవీ రాక్ పాట రికార్డ్ చేశాం. గిటార్ డ్రాప్ సి ట్యూనింగ్ (తీగలు మామూలుకంటే వదులు చేసి, లావు తీగని సి స్వరానికి దించింది), ఇంటర్‌ఫేస్‌లోంచి నేరుగా ల్యాప్‌టాప్‌కి, యాంప్ అంతా ప్లగిన్ (సాఫ్ట్‌వేర్), డ్రమ్స్ ప్రోగ్రామ్ చేసినవి, మిక్స్ రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో. వాట్సాప్‌లో పంపితే చాలామంది "కేక మామా" అన్నారు. ఒకడు బేస్ గిటారే లేదన్నాడు, ఇంకొకడు గిటార్లు పల్చగా ఉన్నాయన్నాడు, మూడోవాడు సౌండ్ తక్కువ అన్నాడని మాస్టర్ మీద, అంటే మొత్తం పాట మీద, లిమిటర్ (పైకి లేచే దెబ్బల్ని నొక్కి మొత్తం సౌండ్ పెంచే ప్లగిన్) పెట్టి లేపేశా. ఇప్పుడు నాకే నచ్చట్లేదు. ఎవరి మాట వినాలి? ఏఐ మాస్టరింగ్‌లో (మిక్స్ అయ్యాక చేసే ఆఖరి మెరుగు ఏఐతో) వేసేస్తే సెట్ అయిపోతుందా?

జవాబు: కేక అన్నవాళ్లని ముందు పక్కన పెట్టేద్దాం, ఫ్రెండ్స్ కదా, వాళ్ల డ్యూటీ వాళ్లు చేశారు. మిగతా ముగ్గురూ కరెక్టే చెప్పారు, కాకపోతే ముగ్గురి చెవిలో పడింది ఒకే పాట కాదు. ఎవరు దేంట్లో విన్నారో కనుక్కోమని మీకు మెయిల్ పెట్టాను కదా, మీ రిప్లై చూశాకే విషయం తేలింది. బేస్ లేదన్నవాడు ఫోన్ స్పీకర్‌లో విన్నాడు, పల్చగా ఉందన్నవాడు ఒకే ఒక్క బ్లూటూత్ స్పీకర్‌లో, సౌండ్ తక్కువన్నవాడేమో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తనకిష్టమైన బ్యాండ్ పాట అవ్వగానే మీది ప్లే చేశాడు.

బేస్ సంగతి చూద్దాం. డ్రాప్ సిలో మీ గిటార్ లావు తీగ దాదాపు 65 హెర్ట్జ్, బేస్ గిటార్ దానికి ఒక ఆక్టేవ్ కింద, అంటే అందులో సగం, 33 దగ్గర. ఫోన్ స్పీకర్ 200, 300 హెర్ట్జ్ కిందకి వెళ్తే దాదాపు చేతులెత్తేస్తుంది. వాడు బేస్ లేదన్నాడని మీరు ఈక్యూలో (ఈక్వలైజర్) 60 దగ్గర లేపారనుకోండి, వాడి ఫోన్‌లో ఏం మారదు, కారులో వినేవాడికి మాత్రం డోర్లు అదురుతాయి. చేయాల్సింది వేరే. బేస్ ట్రాక్‌ని కాపీ చేసి, కాపీ మీద డిస్టార్షన్ (గరగర ఎఫెక్ట్) పెట్టి, దాంట్లో 300 కింద అంతా తీసేసి, అసలు ట్రాక్ కింద కొంచెం కొంచెంగా కలపండి. పై హార్మోనిక్స్ (స్వరంతో పాటే మోగే పై ఫ్రీక్వెన్సీలు) వినపడితే చాలు, కింది స్వరాన్ని చెవి తనే ఊహించుకుంటుంది. గిటార్లలో కూడా 80 నుంచి 100 కింద కట్ చేసేయండి, ఒక్కదాన్నే వింటే గిటార్ చిక్కిపోయినట్టు ఉంటుంది కానీ పర్లేదు, ఆ బరువు మోయడానికేగా బేస్ ఉంది. ఇది మీ ఒక్కరి సమస్యేం కాదు లెండి, మెటాలికా వాళ్ల 1988 ఆల్బమ్ యాండ్ జస్టిస్ ఫర్ ఆల్‌లో బేస్ ఏదిరా అని జనం ఇప్పటికీ వెతుక్కుంటున్నారు.

గిటార్లు పల్చన అన్నవాడు నిజానికి మీకు అందరికంటే ఎక్కువ మేలు చేశాడు. నేను మీ ఫైల్‌ని మోనోలో (రెండు పక్కలూ ఒకటిగా కలిపి) పెట్టి చూశా, ఒక్కసారిగా గిటార్లు రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు అయిపోయాయి. జూమ్ చేసి వేవ్‌ఫామ్ చూస్తే లెఫ్ట్, రైట్ రెండూ ఒకటే టేక్ (ఒకసారి వాయించిన రికార్డింగ్), ఒకదాన్ని 15 మిల్లీసెకన్లు జరిపారంతే. ఇయర్‌ఫోన్స్‌లో వెడల్పుగా భలే ఉంటుంది, నిజమే. కానీ రెండు పక్కలూ కలిసి ఒకే స్పీకర్‌లోకి వచ్చినప్పుడు 15 మిల్లీసెకన్ల తేడాకి 33, 100, 167 హెర్ట్జ్, అలా పైపైకి వరుసగా ఒక్కో చోట రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగల్ని నొక్కి వాయించడం) చేసినప్పుడు గుండె మీద గుద్దినట్టు ఉండే దెబ్బ ఉండేదే ఆ 100, 170 చుట్టూ, అది కాస్తా పోయింది. దీనికి ప్లగిన్ మందు లేదు. రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) మళ్లీ మొదటినుంచి ఇంకోసారి వాయించి రికార్డ్ చేయాలి, ఒక టేక్ ఎడమకి ఒకటి కుడికి. మనిషి రెండుసార్లు వాయిస్తే ఎంత పర్ఫెక్ట్‌గా వాయించినా సన్న తేడా ఉంటుంది చూడండి, వెడల్పు వచ్చేది దాంట్లోంచే. రెండోసారి వాయించేటప్పుడు గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) కూడా కొంచెం తగ్గించండి, రెండు టేకులు కలిసాక అనుకున్నదానికంటే ఎక్కువే గరగర వస్తుంది.

ఇక లిమిటర్. ఇక్కడే ఫీడ్‌బ్యాక్ మిమ్మల్ని దారి తప్పించింది. ఒకే పాటని కాస్త సౌండ్ పెంచి వినిపిస్తే బాగున్నట్టే అనిపిస్తుంది, తక్కువ సౌండ్‌లో చెవికి బేస్ సరిగ్గా అందదు, 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు కొలిచి చెప్పిన విషయమే ఇది. మాస్టరింగ్ అయిపోయిన పాట పక్కన మామూలు మిక్స్ ఎప్పుడైనా చిన్నగానే వినపడుతుంది. ఆ ఒక్క మాటకి మీరు లేపిన ఫైల్ మీటర్‌లో మైనస్ 6 ఎల్‌యూఎఫ్‌ఎస్ (లౌడ్‌నెస్ కొలత, సున్నాకి దగ్గరయ్యే కొద్దీ సౌండ్ ఎక్కువ) చూపించింది. 1:12 దగ్గర కోరస్ ఎత్తుకోగానే పాట పెద్దదవ్వాలి కదా, చిన్నదైపోతోంది, స్నేర్ డ్రమ్ ఎక్కడో గోడ అవతల కొడుతున్నట్టుంది, మధ్యలో పాట ఆగే చోట మీ రూమ్‌లో సీలింగ్ ఫ్యాన్ కూడా శుభ్రంగా వినపడుతోంది. పోనీ దీనివల్ల లాభం ఉందా అంటే స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటల్ని మైనస్ 14 దగ్గరికి తెస్తుంది, అంటే మీది 8 డీబీ తగ్గించేస్తుంది, పోయిన స్నేర్ దెబ్బ మాత్రం తిరిగి రాదు. మైనస్ 14కే చేయాలని రూలేం లేదు, హెవీ పాటలు అంతకంటే గట్టిగా ఉండటం మామూలే, కానీ ఆ పని మిక్స్ కుదిరాక చేసేది.

కాబట్టి వినేవాడు "ఇక్కడ ఏదో బాలేదు" అంటే నమ్మండి, "ఇలా చెయ్" అంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఈసారి పంపేటప్పుడు లిమిటర్ తీసేసి 24 బిట్ వేవ్ (.wav) ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి, వాట్సాప్‌లో అయితే డాక్యుమెంట్‌గా అటాచ్ చేయండి, ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. వాయిస్ నోట్‌లా స్పీకర్ ముందు ఫోన్ పెట్టి పంపితే మాత్రం దాని మీద ఎవరి అభిప్రాయమూ లెక్కలోకి రాదు సారీ. ఫోన్‌లో డాల్బీ, ఈక్వలైజర్ లాంటివి ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి వినమనండి. "ఎలా ఉంది" అని అడక్కండి, ఆ ప్రశ్నకి మన దగ్గర సూపర్ తప్ప ఇంకో జవాబు రాదు. "రెండో చరణంలో మాటలు అర్థమయ్యాయా", "కోరస్ వచ్చినప్పుడు స్నేర్ వినపడిందా" అని అడగండి. మెటల్ అస్సలు విననివాళ్లని కూడా ఒకరిని పట్టుకోండి, అక్కయ్యో బాబాయో ఎవరైనా, గొంతు మునిగిపోయిందని మొదట చెప్పేది వాళ్లే, మీకు లిరిక్స్ బట్టీ కాబట్టి మీకది ఎప్పటికీ తెలీదు.

రెండు వెర్షన్ల మధ్య తేల్చుకోలేకపోతే రెండిటి లౌడ్‌నెస్ ఒకేలా చేసి, ఏది కొత్తదో చెప్పకుండా పంపండి. యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఫ్రీ వెర్షన్ దీనికి చాలు. అలాగే మీకు నచ్చిన బ్యాండ్ పాటని రీపర్‌లో వేరే ట్రాక్ మీద పెట్టుకుని, మీ మిక్స్ లెవెల్‌కి వచ్చేదాకా దాన్ని తగ్గించి, అటూ ఇటూ మార్చి మార్చి వినండి. ఆ ట్రాక్ మీ మాస్టర్ ప్లగిన్స్‌లోంచి వెళ్లకుండా చూసుకోండి సుమా. మొహమాటం లేకుండా చెప్పే ఫీడ్‌బ్యాక్ అంటే ఇదే, పైసా ఖర్చు లేదు. ఖర్చు పెట్టగలిగితే ఒక సౌండ్ ఇంజినీర్‌కి గంట టైమ్‌కి డబ్బులిచ్చి, మిక్స్ చేయొద్దు, పక్కన కూర్చుని తప్పులు చెప్పండి చాలు అనండి.

ఏఐ మాస్టరింగ్ ఇప్పుడే వద్దు. మామూలుగా దానికి మీరిచ్చేది రెండు చానెళ్ల ఒకే ఫైల్, అందులో 15 మిల్లీసెకన్లు జరిపిన గిటార్‌ని అది ఇంకోసారి వాయించలేదు, మునిగిపోయిన స్నేర్‌ని బయటికి లాగే అవకాశమూ తక్కువే.

ప్రశ్న: స్టూడియో మానిటర్లు (మిక్సింగ్‌కి వాడే స్పీకర్లు) కొనే బడ్జెట్ లేదు. నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌బడ్స్‌తో మిక్స్ చేయొచ్చా? (ఇంకో పాఠకుడు, గుంటూరు)

జవాబు: చెక్ చేసుకోవడానికి ఓకే, మిక్స్ చేయడానికి వద్దు. చాలా ఇయర్‌బడ్స్‌లో కంపెనీ వాళ్లే బేస్ పెంచి పెడతారు, మీరు అది నిజమనుకుని మిక్స్‌లో తగ్గించేస్తారు. పైగా బ్లూటూత్‌లో సౌండ్ లేటుగా వస్తుంది కాబట్టి వాయిస్తూ రికార్డ్ చేయడం కుదరదు. వైర్ ఉన్న మామూలు స్టూడియో హెడ్‌ఫోన్ ఒకటి కొనుక్కుని, మీకు బాగా తెలిసిన పాటలు నాలుగు రోజులు దాంట్లోనే వినండి, ఆ తర్వాత మిక్స్ మొదలెట్టండి.