ఉండిపోయిన అక్క: ఒక యువ రచయిత్రికి లేఖ

బరంపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులతో,

పర్లాకిమిడి నుంచి నువ్వు పంపిన కథ అందింది, శ్రద్ధగా చదివాను. అమ్మా నాన్నా పోయిన ముగ్గురు పిల్లలు, బరంపురంలో ఒక ఆశ్రమం, న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగు దంపతులు, వాళ్లతో అమెరికా వెళ్లిపోయిన 8 ఏళ్ల చెల్లెలూ 4 ఏళ్ల తమ్ముడూ, ఇక్కడే ఉండిపోయిన 16 ఏళ్ల అక్క. తొలి కథకే ఇంత బరువు ఎత్తుకున్నావు. ఆ ధైర్యం నాకు నచ్చింది కనుకనే, బాగుంది, పత్రికకు పంపు అని రెండు ముక్కలు రాసి ఊరుకోకుండా ఈ ఉత్తరానికి కూర్చున్నాను.

నీ కథంతా ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది. "అక్కకు వయసు మించిపోయింది, చట్టం ఒప్పుకోలేదు" అన్నది ఆ వాక్యం. దాన్ని మొదట్లోనే చెప్పేసి, మిగిలిన పేజీలను భువనేశ్వర్ విమానాశ్రయంలోని ఏడుపులకు ఇచ్చేశావు. ఆ వాక్యం నిజం కాదమ్మా. పిల్లల సంరక్షణనూ దత్తతనూ చూసే మన జువెనైల్ జస్టిస్ చట్టం దృష్టిలో 18 ఏళ్లు నిండనివారందరూ పిల్లలే. దత్తత వెళ్లడానికీ అదే హద్దు. అమెరికా వలస చట్టం మామూలుగా బిడ్డకు 16 ఏళ్లు నిండకముందే దరఖాస్తు పెట్టాలంటుంది గాని, తమ్ముడినో చెల్లెలినో అదే దంపతులు దత్తత తీసుకుంటున్నప్పుడు ఆ తోబుట్టువు విషయంలో హద్దును 18 దాకా జరుపుతుంది. తోడబుట్టినవాళ్లను బలమైన కారణం లేకుండా విడదీయరాదనీ, విడదీయక తప్పనప్పుడు వాళ్ల మధ్య మాటామంతీ తెగిపోకుండా చూడాలనీ 2009లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇన్ని తలుపులు తెరిచి ఉండగా నీ అక్క గడప దాటలేదంటే ఎవరో ఒకరు వద్దన్నారు. వద్దన్నది ఎవరో నీకు తెలిసేదాకా ఈ కథ నీకు చిక్కదు. తెలిసిన తర్వాత పాఠకుడికి చెప్పాలా, దాచాలా అన్నది నీ ఇష్టం. నీకు మాత్రం తెలియాలి.

ఆ పిల్లే వద్దని ఉండవచ్చు. ఐదేళ్లు దాటిన బిడ్డను దత్తత ఇవ్వాలంటే ఆ బిడ్డ సమ్మతి తీసుకోవాలి. ఈ ఒక్క నియమాన్ని నీ ముగ్గురు పిల్లల పక్కన పెట్టి చూడు. అక్కను అడుగుతారు. చెల్లెలినీ అడుగుతారు. తమ్ముడిని ఎవరూ అడగరు, వాడికి ఆ వయసు లేదు. అంటే ఒక కడుపున పుట్టిన ముగ్గురిలో ఒకరు కాదన్నారు, ఒకరు సరేనన్నారు, ఒకరి నోట మాట రాకుండానే పని జరిగిపోయింది. ముప్ఫై ఏళ్ల తర్వాత ముగ్గురూ ఒకచోట కూర్చున్నా ఈ తేడా వాళ్ల మధ్య ఉంటుంది. అన్నిటికంటె కష్టమైన పాత్ర ఆ 8 ఏళ్ల చెల్లెలిది. నీ కథలో ఆమెకు రెండే మాటలున్నాయి. ఆమెను అడిగిన రోజున అక్క రావడం లేదని ఆమెకు తెలుసా? "అక్క తర్వాత వస్తుందిలే" అని ఎవరైనా అన్నారా? అలా అన్నది అక్కే అయితే? తన సరే అన్న మాట అక్క చెప్పిన అబద్ధం మీద నిలిచిందని ఆమెకు ఏ వయసులో తెలుస్తుంది? నువ్వు విమానాశ్రయానికి ఇచ్చిన పేజీలన్నీ ఈ ప్రశ్నలకు ఇవ్వు.

అక్క ఎందుకు కాదంటుంది? 16 ఏళ్ల పిల్ల కాదనడాన్ని త్యాగమని రాయవద్దు. మన కథల్లో అక్కలందరూ త్యాగమూర్తులు కావడం వల్ల ఒక్క అక్క కూడా మనిషిగా కనబడకుండా పోయింది. పదో తరగతి ఒడియాలో పాసైన పిల్ల, ఇంగ్లీషు బడిలో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టడానికి భయపడి ఉండవచ్చు. తల్లిని మరిచిపోయి ఇంకొకరిని అమ్మా అనడం ఆమెకు చేతకాకపోయి ఉండవచ్చు. చిన్నవాళ్లకు తల్లి ముఖం గుర్తులేదు, ఆమెకు గుర్తుంది. తమ్ముడి చెవిపోటునుంచి చెల్లెలి బడిసంచీదాకా మోసి అలసిపోయి, ఒక్కసారి తన బతుకు తాను బతకాలనుకుని ఉండవచ్చు కూడా. ఈ చివరిది రాయడానికి నీకు చేయి రాదని నాకు తెలుసు. రాసి చూడు. ఆ పిల్లమీద నాకు గౌరవం ఎక్కువవుతుంది తప్ప తగ్గదు.

వద్దన్నది మేనమామ అయితే కథ ఇంకోలా తిరుగుతుంది, ఇది తెలుగూ ఒడియా కలిసి బతికే మన దక్షిణ ఒడిశా మాత్రమే ఇవ్వగలిగిన కథ. నీ రాతప్రతిలో తల్లినీ తండ్రినీ ఒకే రాత్రి 2018 అక్టోబరు తిత్లీ తుపానులో చంపేశావు. మీ గజపతి జిల్లాలో ఆ తుపాను చేసిన నష్టం నీకు నాకంటె బాగా తెలుసు, దాన్ని వాడుకోవద్దని అనను. కాని ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి ఎక్కడో ఒకచోట అయినవాళ్లు ఉంటారు. గంజాం జిల్లానుంచి సూరత్ మగ్గాలకు పోయి తిరిగిరాని తండ్రులున్నారు, రెండో పెళ్లి చేసుకున్న తల్లులున్నారు, మేనమామలున్నారు. అమ్మా నాన్నా లేని బిడ్డను చట్టప్రకారం సంరక్షకుడైనవాడు పెంచడానికి ఇష్టపడకపోతే, శక్తి లేకపోతే, ఆ బిడ్డ చట్టం లెక్కలో అనాథే. ఇప్పుడు నీ పిల్లల మేనమామ బాలల సంక్షేమ సమితి ముందు నిలబడి, చిన్నవాళ్లిద్దరినీ సాకలేనని చెప్పి వేలిముద్ర వేసి, పెద్దపిల్లను మాత్రం నేను తీసుకెళ్తానన్నాడనుకో. ఎందుకన్నాడో మనకు తెలుసు: ఇంట్లో ఎదిగిన కొడుకున్నాడు, మేనరికం. ఆ మాట సమితిలోని ఒడియా సభ్యురాలికి చెవిన పడితే ఆమె ఉలిక్కిపడుతుంది, ఎందుకంటే ఒడియా కుటుంబాల్లో సాధారణంగా మామ కొడుకు అన్నతో సమానం. ఒకే గదిలో, ఒకే బిడ్డ గురించి, ఇద్దరు పెద్దవాళ్లు రెండు లోకాలనుంచి మాట్లాడుతున్నారు, మధ్యలో ఆ పిల్ల రెండు భాషలూ అర్థమవుతూ కూర్చుని ఉంది. ఇది గుంటూరులో కూర్చుని రాసేవారికి దొరకదు. మేనమామను దుర్మార్గుడిగా రాయకు. తన అక్క కూతురు తన ఇంటి పిల్లే అని అతను మనసారా నమ్ముతున్నాడు, ఇద్దరు పసివాళ్లకు బియ్యం కొనలేనన్నదీ నిజమే.

ఇక ఆ దంపతులు. వాళ్లను డాలర్లతో పిల్లలను కొనడానికి వచ్చినవాళ్లలా రాశావు. బయటిదేశంలో ఉంటున్న భారతీయులు అక్కడ గుర్తింపు ఉన్న దత్తత సంస్థ ద్వారా రావాలి; వాళ్ల ఇల్లు, ఆదాయం, ఆరోగ్యం, దాంపత్యం అన్నీ విచారించి నివేదిక రాస్తారు; దిల్లీలోని కేంద్ర దత్తత సంస్థ, కారా, నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. ఈ కాగితాలు ఊరికే పుట్టలేదు. విదేశాలకు దత్తత పేరుతో జరుగుతున్న అక్రమాల గురించి లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాస్తే దాన్నే పిటిషనుగా తీసుకుని 1984లో కోర్టు తీర్పు చెప్పింది. ఇవాళ్టి నియమాలకు పునాది అక్కడ పడింది. తర్వాత 2003లో మన దేశం దేశాంతర దత్తతపై హేగ్ ఒప్పందాన్ని ఆమోదించింది. ఇంత వడపోత దాటి వచ్చిన దంపతులు ముగ్గురు పిల్లల వివరాలు చూసి ఇద్దరినే కోరుకున్నారంటే, ఆ మాట అనుకున్న రాత్రి వాళ్ల వంటింట్లో ఏం జరిగి ఉంటుందో ఊహించు. ఆమెకు ముగ్గురూ కావాలనిపించింది, అతనికి ఎదిగిన పిల్లంటే బెరుకు. లేదా ఇద్దరూ కలిసే నిర్ణయించుకుని, ఆ తర్వాత ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. నాకు కోపం వస్తుంది వాళ్లమీద, దాచను. కాని కోపంతో రాసిన పాత్ర ఒక్క వైపే కనబడుతుంది. వాళ్ల భయం నీకు అర్థమైతేనే వాళ్ల తప్పు ఎంతటిదో పాఠకుడికి తెలుస్తుంది.

చిన్న విషయాలు కొన్ని సరిచేసుకో. కథ జరిగేది 2022 సెప్టెంబరు తర్వాత అయితే దత్తత ఉత్తర్వు ఇచ్చేది జడ్జి కాదు, కలెక్టరు. బరంపురం ఉన్న మా గంజాం జిల్లాకు కలెక్టరు ఉండేది ఛత్రపురంలో. ముగ్గురు పిల్లలూ ఆశ్రమంలో ఒకే చాపమీద పడుకున్న దృశ్యం చాలా అందంగా రాశావు, దాన్ని తీసేయమని చెప్పడానికి నాకు బాధగా ఉంది. ఆరేళ్లలోపు పిల్లలను శిశుగృహంలో ఉంచుతారు, పెద్దపిల్లలను వేరే హోములో, అందులోనూ ఆడపిల్లలను వేరుగా. అంటే విమానం ఎక్కడానికి ఎంతోముందే వాళ్లు విడిపోయారు. తమ్ముడు ఒక భవనంలో, అక్కా చెల్లెలూ ఊరికి ఆ చివర ఇంకో భవనంలో. వాడు ఆయాను అమ్మా అని పిలవడం నేర్చుకున్నాడు. అక్క చూడటానికి వెళ్లిన రోజున వాడు ఆయా వెనక్కి నక్కాడు. ఆమె కాదనడమో, సరేననడమో, మామయ్య వెంట నడవడమో, ఏది జరిగినా దాని మొదలు ఇక్కడ ఉంటుంది. చాప దృశ్యం వాళ్ల సొంతింటికి మార్చు, అక్కడ అది నిజమవుతుంది.

వెళ్లిన తర్వాతి సంగతి నువ్వసలు రాయలేదు. దత్తత అయ్యాక రెండేళ్లపాటు పిల్లలు ఎలా ఉన్నారో నివేదికలు, ఫొటోలు వస్తాయి, ఆ తర్వాత ఆగిపోతాయి. పెద్దయ్యాక తన మూలాలు వెతుక్కునే హక్కును దత్తత నిబంధనలు వెళ్లిన బిడ్డకు ఇచ్చాయి. ఉండిపోయిన బిడ్డకు అలాంటిదేమీ ఇవ్వలేదు. అక్క ఎదురుచూడగలదు, వెతకలేదు. 18 నిండగానే ఆమె హోము వదలాలి. ఆ తర్వాత 21 ఏళ్లదాకా ఆసరా ఇచ్చే ఏర్పాటు చట్టంలో ఉంది గాని, చిరునామా మారుతుంది, ఫోను నంబరు మారుతుంది. చెల్లెలు ఇరవై ఏళ్ల వయసులో వెతుక్కుంటూ వస్తే అక్కను పట్టుకునే దారి ఏది? ఈ భయం అక్కకు ఉంటుంది. అందుకని ఆమె బరంపురం వదిలి పోదు. విశాఖలో మంచి ఉద్యోగం వచ్చినా వెళ్లదు. ఎవరికీ కారణం చెప్పదు. ఇలాంటి ఒక్క పని పది పేజీల కన్నీళ్ల బరువు మోస్తుంది.

వెళ్లినవాళ్లలో తమ్ముడికి ఏం మిగులుతుందో కూడా ఆలోచించు. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి అమ్మవారి యాత్రలో నాన్న భుజాలమీద కూర్చుని పులివేషాలు చూసిన పిల్లవాడికి, పసుపు నలుపు చారల ఒళ్లు ఒకటి కళ్లముందు ఆడుతూ ఉంటుంది. అది ఏ ఊరో, ఏ దేవతో, కలో నిజమో తెలియదు. పెంచిన తల్లిని అడిగితే ఆమెకూ తెలియదు. ఇంట్లో తెలుగు మాట్లాడే దంపతులు కనుక వాడికి భాష మిగులుతుంది, అదృష్టమే, కాని అది కోస్తా తెలుగు. అక్క మాట్లాడే ఒడియా కలిసిన తెలుగు వాడికి కొత్తగా వినబడుతుంది.

చివరగా ఒక గట్టి మాట. నువ్వు సాయంత్రాలు ఒక హోములో పిల్లలకు పాఠాలు చెబుతున్నానని రాశావు. ఈ కథ అక్కడి ఏ ఒక్క బిడ్డదీ కాకూడదు. సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఊరు, బడి, గుర్తుపట్టగల ఏ వివరమూ బయటపెట్టరాదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షను చెబుతోంది. జైలుశిక్ష, జరిమానా ఉన్నాయి. శిక్ష సంగతి పక్కన పెట్టు. నీతో మనసు విప్పి మాట్లాడిన పిల్ల రేపు ఆదివారం అనుబంధంలో తన బతుకు చదివితే మళ్లీ ఎవరితోనూ మాట్లాడదు. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. వయసులు, కారణాలు, ఊళ్లు, చనిపోయిన తీరు అన్నీ మార్చి, నీ ముగ్గురు పిల్లలను నువ్వే కనాలి. నియమాల గురించి మాత్రం మొహమాటపడకుండా జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లి అడుగు. ఏ బిడ్డ గురించీ అడగవద్దు, పద్ధతి గురించి అడుగు.

కథ మొత్తం ఇప్పుడే తిరగరాయవద్దు. చెల్లెలిని సమ్మతి అడిగిన గది ఒక్కటి రాయి: బల్లకు అటువైపు ఎవరున్నారు, ఏ భాషలో అడిగారు, అక్క లోపల ఉందా, వరండాలో ఉందా, సరే అనడానికి ముందు ఆ పిల్ల ఎవరివైపు చూసింది. అది రాసి నాకు పంపు. మిగిలినదాని గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు