టాటూ పని నేర్చుకుంటానంటున్న అబ్బాయి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ పూర్తి చేశాడు. బొమ్మలు బాగా వేస్తాడు. ఇంజినీరింగ్ వద్దు, టాటూ ఆర్టిస్టునవుతానంటున్నాడు. పది రోజుల్లో నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే చోట చేరతానని పట్టుబడుతున్నాడు. వాళ్ల నాన్న వాడితో మాట్లాడటం మానేశారు. ఏం చేయమంటారు? – ఒక తల్లి, ఖమ్మం

అమ్మా, ఆ పది రోజుల కోర్సుకు డబ్బు కట్టకండి. అలాగని అబ్బాయి కోరికను కొట్టిపారేయకండి.

ఇది నిన్న మొన్న పుట్టిన పని కాదు. మా అమ్మమ్మ ముంజేతి మీద తేలు బొమ్మ, చుక్కలు ఉండేవి. ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి పచ్చబొట్లు పొడిచేవారు. కాకపోతే అప్పట్లో ఎవరికి వాడిన సూది ఎవరికి తగులుతోందో పట్టించుకునేవారు కాదు. ఇవాళ ఈ వృత్తిలో మొదటి పాఠం ఆ సూది గురించే.

మెషిన్ సూది చర్మంలోకి ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగుతుంది. పై పొరలోనే ఆగితే రంగు నిలవదు. లోతుకు పోతే గీత అలుక్కుపోతుంది, మచ్చ మిగులుతుంది. ఆ తేడా చేతికి తెలియడానికి నెలలు పడుతుంది. పైగా అది రక్తం తగిలే పని. సూది ఒక్కరికే వాడి పారేయాలి, గ్లౌజులు మార్చాలి, రంగును ప్రతి మనిషికీ కొత్త చిన్న కప్పులో పోయాలి. ఇందులో అజాగ్రత్త హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి దాకా తీసుకుపోగలదు. మన దేశంలో టాటూ వేయించుకున్నవారి నుంచి 12 నెలల దాకా రక్తం తీసుకోకపోవడానికి కారణం ఈ భయమే. అబ్బాయికి హెపటైటిస్ బి టీకా పడిందో లేదో డాక్టరును అడగండి. పడకపోతే మొదటి మోతాదు ఇప్పుడే వేయించండి. మూడు మోతాదులూ పూర్తయ్యేసరికి ఆరు నెలలు అవుతుంది.

ఆ ఆరు నెలలూ వాడికి పరీక్ష అనుకోండి. మెషిన్ కొనివ్వవద్దు. రోజూ రెండు గంటలు పెన్నుతో గీతలు గీయమనండి: రబ్బరుతో చెరపకుండా, ఒక్క ఊపులో, వంపు తిరిగినా మందం మారకుండా. తెలుగు అక్షరాలు కూడా రాయించండి. మన దగ్గర టాటూకు వచ్చేవాళ్లలో చాలామంది అమ్మ పేరో బిడ్డ పేరో అడుగుతారు. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు వత్తులు విడిపోతాయి. చూసుకోకుండా స్టెన్సిల్ (చర్మం మీదికి గీతలు దించే అచ్చు కాగితం) తీస్తే ‘నాన్న’ కాస్తా విరిగిన ముక్కలుగా ఒకరి చేతి మీద జీవితాంతం ఉండిపోతుంది. అక్షరదోషం లేకుండా రాయగల ఆర్టిస్టుకు మన ఊళ్లలో ఎంత విలువ ఉంటుందో వాడికి చెప్పండి.

తర్వాత మంచి స్టూడియోలో శిష్యరికం. మొదట్లో బల్ల తుడవడం, స్టెన్సిల్ తీయడం, కృత్రిమ చర్మం మీద సాధన. చాలాచోట్ల జీతం ఉండదు. పని వచ్చాక సాధారణంగా వాటా ఇస్తారు. గంటలకొద్దీ వంగి కూర్చోవాలి కాబట్టి మెడ, నడుము నొప్పులు వస్తాయి. సంపాదన ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు.

అందుకే చదువు వదలొద్దంటాను. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఎఫ్ఏ (లలిత కళల డిగ్రీ) ఉంది. ప్రవేశ పరీక్ష రాయాలి. పెయింటింగ్ గానీ అప్లైడ్ ఆర్ట్ గానీ చదివితే చేయి పదునెక్కుతుంది, వేరే దారులూ తెరిచి ఉంటాయి. సెలవుల్లో స్టూడియోకు వెళ్లొచ్చు. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స అయిన స్త్రీలకు చనుమొన రూపాన్ని చర్మం మీద తిరిగి తెచ్చే పని కూడా ఈ చేతులదేనని వాళ్ల నాన్నగారికి చెప్పండి.

సైన్యంలోకి వెళ్లే ఆలోచన ఏమాత్రం ఉన్నా, వాడు తన ఒంటి మీద వేయించుకునే ముందు నియామక నిబంధనలు చదవాలి.

స్టూడియో చూడటానికి వెళ్లే రోజు వాళ్ల నాన్నగారినీ వెంట పంపండి. టాటూకు వచ్చినవారి కళ్ల ముందే సూది పొట్లం విప్పుతున్నారా, వాడిన సూదులు ఎందులో వేస్తున్నారు, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు వస్తే వెనక్కి పంపుతున్నారా అన్నవి ఆయనే అడిగి రావాలి.