గుస్తావో గుటియెరెజ్ బైబిల్లోకి మార్క్స్‌ని తెచ్చాడా?

గుస్తావో గుటియెరెజ్ పెరూ దేశపు కథోలిక గురువు (ఫాదర్), పేదల పక్షాన బైబిల్ చదివే విమోచన వేదాంతానికి (లిబరేషన్ థియాలజీకి) ఆద్యుడు. "గుటియెరెజ్ లాంటి ఫాదర్లు కమ్యూనిజానికి బైబిల్ రంగు వేశారు, అవునా కాదా?" అని నన్ను ఒకరు అడిగారు. కాదు. ఈ ఆరోపణ చేసేవాళ్లలో ఎక్కువమంది ఆయన రాసింది ఒక్క పేజీ కూడా చదివి ఉండరని నా గట్టి నమ్మకం.

మాది పల్నాడు వైపు ఆర్.సి.ఎం. (రోమన్ కథోలిక) కుటుంబం. నాన్న ఉపదేశి. ఫాదర్ గారు నెలకోసారి వచ్చి పూజ చేసి వెళ్లేవారు, మిగతా ఆదివారాలు ప్రార్థన నాన్నే నడిపేవాడు. ఒక ఎండాకాలం మా విచారణకు (పారిష్‌కు) వచ్చిన సిస్టర్ గారు రాత్రి అన్నాలయ్యాక పేటలో ఆడవాళ్లను కూర్చోబెట్టి బైబిల్ చదివించడం మొదలుపెట్టారు. వాళ్లలో చాలామందికి చదువు రాదు, అందుకని చదివే పని నాకు అప్పజెప్పారు. ఒకరోజు నిర్గమకాండం ఐదో అధ్యాయం వచ్చింది. ఇటుకలకు గడ్డి ఇవ్వడం ఆపేయండి, గడ్డి వాళ్లే ఏరుకుంటారు, ఇటుకల లెక్క మాత్రం తగ్గడానికి వీల్లేదని ఫరో హుకుం జారీ చేస్తాడు.

నా మానాన నేను చదువుకుంటూ పోతుంటే, ఇటుక బట్టీకి వెళ్లే ఒక పిన్ని "ఆగు నాయనా, ఆ ముక్క మళ్లీ చదువు" అంది. చదివాను. "మా ఓనరూ ఇంతేగా. వానొచ్చి పచ్చి ఇటుకంతా కరిగిపోతే ఆ నష్టం మా లెక్కలోనే రాస్తాడు" అంది. అంతే, అందరికీ నోళ్లు వచ్చాయి. ఒకామె అడ్వాన్సు ఎన్నేళ్లయినా తీరడం లేదంది. ఇంకొకామె, వెయ్యి ఇటుకలకు ఇంత అని చెప్పి విరిగినవి తీసేసి కడతారంది. సిస్టర్ గారు మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. చివరికి పిన్నే అడిగింది: "సిస్టరమ్మా, వాళ్ల ఏడుపు దేవుడు విన్నాడని మొన్న చదివాం గదా. వింటే మరి మోషే ఫరోకి భయపడి ఊరుకోకూడదు గదా?"

అక్కడున్న ఎవరూ పెరూ దేశం పేరు గానీ గుటియెరెజ్ పేరు గానీ విన్నవాళ్లు కాదు. కొన్నాళ్లకు, సిస్టర్ రాజకీయాలు నూరిపోస్తోందని ఊరి పెద్దమనుషులు పైకి కబురు పంపారు, ఆ కూటాలు ఆగిపోయాయి. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. చాలా ఏళ్ల తర్వాత ఒక స్నేహితుడి దగ్గర గుటియెరెజ్ పుస్తకం దొరికి చదివితే, పిన్ని మాటలే పండితుల భాషలో కనిపించాయి.

ఆయనేమీ పుస్తకాల గదిలో పుట్టుకొచ్చిన మనిషి కాదు. 1928లో లీమాలో పుట్టాడు. ఎముకల జబ్బుతో కుర్రతనమంతా మంచం మీద, చక్రాల కుర్చీలో గడిచింది. డాక్టరవుదామని వైద్యం చదువు మొదలుపెట్టి, అది వదిలి గురువయ్యాడు. బెల్జియంలో, ఫ్రాన్స్‌లో పెద్ద చదువులు చదివి లీమాకే తిరిగొచ్చి, రీమాక్ అనే పేదల పేటలో విచారణ గురువుగా ఏళ్ల తరబడి ఉన్నాడు. 1968 జూలైలో చింబోటే అనే రేవు పట్టణంలో, విమోచన గురించి తన ఆలోచనను తోటి గురువుల ముందు పెట్టాడు. కొద్ది వారాలకే కొలంబియాలోని మెడెయీన్‌లో లాటిన్ అమెరికా పీఠాధిపతుల (బిషప్పుల) ప్రతినిధులు సమావేశమై, పేదరికం వెనక అన్యాయమైన వ్యవస్థ ఉందని బాహాటంగా చెప్పారు. 1971లో ఆయన పుస్తకం వచ్చింది. పేదరికం తలరాత కాదు, మనుషులు చేసిన పని, అది మనిషిని కాలం తీరకముందే చంపుతుంది అని ఆయన జీవితాంతం చెప్పాడు. ఇందులో మార్క్స్ లేకపోతే అర్థం కానిది ఏముంది?

ఇక ఆయన తుపాకీ దారిని మెచ్చాడా అన్న సంగతి. బెల్జియంలోని ల్యూవెన్‌లో ఆయనతో చదువుకున్న స్నేహితుడు కమీలో టోరెస్ కొలంబియా గెరిల్లాల్లో చేరి 1966లో చనిపోయాడు. గుటియెరెజ్ ఆ దారి పట్టలేదు. పెరూలో షైనింగ్ పాత్ అనే మావోయిస్టులు ఒకవైపు, సైన్యం ఇంకోవైపు నిలబడి కొండల్లోని కెచువా పల్లెల్ని నలిపేశారు. ఆ ఘోరంలో చచ్చిపోయిన, మాయమైపోయిన వాళ్లలో నలుగురిలో ముగ్గురు కెచువా లాంటి ఆదివాసీ భాషల వాళ్లే అని తర్వాత ప్రభుత్వ కమిషనే తేల్చింది. ఆ రోజుల్లో, 1986లో, ఆయన బైబిల్లోని యోబు గ్రంథం మీద రాశాడు. ఏ పాపమూ చేయనివాళ్లు ఇంత బాధపడుతుంటే దేవుడి గురించి ఏమని మాట్లాడాలి అన్నదే అందులో ఆయన ప్రశ్న. కమ్యూనిస్టు ప్రచారకుడు ఆ ప్రశ్నతో కుస్తీ పట్టడు.

రోమ్ ఆయన్ను ఖండించింది కదా అంటారు. 1984లో వాటికన్‌లో విశ్వాస సిద్ధాంతాన్ని చూసే విభాగం నుంచి, దాని అధిపతి రాట్జింగర్ (తర్వాత పోపు అయిన బెనెడిక్ట్) ఆధ్వర్యంలో విమోచన వేదాంతం మీద హెచ్చరిక పత్రం వచ్చిన మాట నిజమే. ఆయన రాతల మీద ఏళ్ల తరబడి విచారణ జరిగిన మాటా నిజమే. కానీ ఆయనకు శిక్ష పడలేదు. ఇదే వేదాంతం రాసిన బ్రెజిల్ వాడైన లియొనార్డో బోఫ్‌ని 1985లో మౌనంగా ఉండమన్నారు, గుటియెరెజ్‌ని అనలేదు. అదే విభాగానికి 2012లో అధిపతి అయిన ముల్లర్, అంతకుముందే 2004లో గుటియెరెజ్‌తో కలిసి పుస్తకం రాశాడు. 2013లో ఫ్రాన్సిస్ పోపు గారు ఆయన్ను పిలిపించుకుని మాట్లాడారు. 2024 అక్టోబరు 22న 96 ఏళ్ల వయసులో లీమాలో కన్నుమూసేదాకా ఆయన గురువుగానే ఉన్నాడు.

నాకు అసలు బాధ మన సంగతి గురించి. గుటియెరెజ్ రాతల్లో మన కులం లేదు, ఆయనది వేరే దేశం. ఆ పని చేయాల్సింది ఇక్కడివాళ్లే. 1980లలో అరవింద్ నిర్మల్ లాంటివాళ్లు దళిత వేదాంతం మొదలుపెట్టారు, ఆయన ప్రొటెస్టెంటు. మన కథోలికుల్లో దళితుడైన మారంపూడి జోజి గారు 2000లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి అయ్యారు, 2022లో పూల ఆంథోని గారు దళితుల్లో మొదటి కార్డినల్ (పోపుని ఎన్నుకునే పెద్దల్లో ఒకరు) అయ్యారు. మా పేటలో మిఠాయిలు పంచుకున్నాం. అయినా వివక్ష పోలేదు. చర్చిలో అది ఉందని 2016లో భారత కథోలిక పీఠాధిపతులే ఒక విధాన పత్రంలో రాసి ఒప్పుకున్నారు. దాని మీద ఒక్క ప్రసంగం కూడా నేను వినలేదు. ఆ పత్రాన్ని ప్రతి విచారణలో, ఆదివారం పూజలో, తెలుగులో చదివి వినిపించాలి. కులానికో సమాధుల తోట ఉన్న ఊళ్లలో ముందుగా చదవాలి.