తలకు దెబ్బ తగిలినవాళ్ళకి ఆర్‌టీఎంఎస్ చేయించవచ్చా? మా ఆయనకి చేయించాం కాబట్టి చెప్తున్నా

మీ తమ్ముడికి పోయినేడు బైక్ యాక్సిడెంట్ అయి, పుర్రె తెరిచి ఆపరేషన్ చేశారన్నారు. ఇప్పుడు నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు గానీ మతిమరుపు, చీటికీమాటికీ కోపం, పొద్దస్తమానం మంచం దిగకపోవడం మిగిలిపోయాయన్నారు. ఒక సెంటర్ వాళ్ళు అయస్కాంతంతో మెదడుకి వైద్యం (ఆర్‌టీఎంఎస్ అంటే ఇదే) చేస్తామని, ముప్పై సిట్టింగుల ప్యాకేజీ తీసుకుంటే చచ్చిన కణాలు మళ్ళీ పుడతాయని చెప్పారట. కట్టమంటారా అని మీ ప్రశ్న.

కణాలు మళ్ళీ పుడతాయన్న చోట మాత్రం కట్టకండి. వైద్యం బూటకం కాదు. మా ఆయనకి ఇదే చేశారు, పనికొచ్చింది కూడా. అయితే దేనికి పనికొచ్చింది, దేనికి రాలేదు అన్నది తెలియకుండా డబ్బు తీయడం మంచిది కాదు.

ముందు అది చేసే పనేంటో చెప్తా. తల మీద కాయిల్, అంటే తీగచుట్ట, ఆనిస్తారు. అందులోంచి కరెంటు రెప్పపాటు కన్నా తక్కువసేపు పోతుంది, దాంతో అయస్కాంత క్షేత్రం పుడుతుంది, అది పుర్రె దాటి లోపల మళ్ళీ చిన్న కరెంటుని పుట్టిస్తుంది. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే. మనిషి మెదడు మీద ఈ పద్ధతిని 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం చేసి చూపింది. క్షేత్రం బలం ఎంఆర్ఐ మిషన్‌ది ఉన్నంత ఉంటుంది గానీ మామూలు కాయిల్‌తో రెండు మూడు సెంటీమీటర్ల లోతుకి మించి పోదు. అంటే మెదడు పైపొర వరకే. బైక్ మీంచి ఎగిరిపడ్డప్పుడు మెదడు లోపల ఊగిపోయి సన్నటి నరాల పోగులు లోతున తెగుతాయి. జ్ఞాపకాలు చూసుకునే భాగం కూడా లోపలే ఉంది. తెగినవాటిని ఏ కాయిలూ అతకదు. చెక్కుచెదరకుండా ఉన్న పైపొరని తట్టి, దాని పనితీరుని కాస్త పెంచడమో తగ్గించడమో చేస్తుంది, అంతే.

అమెరికాలో మందులకి, వైద్య పరికరాలకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ దీన్ని 2008లో మందులకి లొంగని డిప్రెషన్‌కి ఒప్పుకుంది. తర్వాత మైగ్రేన్, ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు వచ్చి, చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేసే జబ్బు), సిగరెట్ మాన్పించడం లాంటివి చేరాయి. తలకు తగిలిన దెబ్బ ఆ జాబితాలో లేదు. దెబ్బ తర్వాత వచ్చే డిప్రెషన్ మీద, తలనొప్పి మీద పరీక్షలు జరిగాయి గానీ అన్నీ చిన్నవే, పదిహేను, ఇరవై, ముప్పై మందితో చేసినవి. కొన్నిట్లో మంచి తేడా కనిపించింది. కొన్నిట్లో శబ్దం మాత్రమే చేసే ఉత్తుత్తి కాయిల్ పెట్టినవాళ్ళూ అంతే కోలుకున్నారు. రోజూ బయటికి తీసుకెళ్ళడం, నలుగురూ పలకరించడం కూడా మందేనేమో అనిపిస్తుంది నాకు.

మా ఆయన సంగతి. పుర్రె ఎముక తీసింది కుడివైపు. ఆ ముక్కని పొట్ట చర్మం కింద దాచి, కొన్ని నెలలకి మళ్ళీ అమర్చి టైటానియం స్క్రూలు బిగించారు. కాయిల్ పెట్టేది ఎడమ నుదురు పైభాగాన, కాబట్టి అది మాకు కలిసొచ్చింది. మీ తమ్ముడికి ఏ వైపు తీశారో రాయలేదు. అది ముఖ్యం. ఎముక లేని చోట, ప్లేటు ఉన్న చోట లోపలి కరెంటు దారి మారిపోతుంది. టైటానియం అయస్కాంతానికి అంటుకోదు గానీ, ఏ లోహం, ఎక్కడ ఉందో ఆపరేషన్ నోట్స్ చూడకుండా మొదలుపెట్టేవాళ్ళని నమ్మొద్దు. తలలో నీరు తీయడానికి షంట్ అనే గొట్టం వేసి ఉంటే తప్పకుండా చెప్పండి. బయట నుంచి సెట్టింగ్ మార్చగలిగే షంట్ అయితే అయస్కాంతానికి ఆ సెట్టింగ్ మారిపోవచ్చు. రక్తనాళాలకి వేసిన క్లిప్పులు, చెవిలో వినికిడి కోసం పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నా తప్పకుండా చెప్పాలి.

మొదటి రోజు డోసు కట్టడమే. కుడిచెయ్యి దిండు మీద వదులుగా పెట్టించి, ఎడమవైపు చెవికి పైగా, నడినెత్తికి దగ్గర్లో కాయిల్ జరుపుతూ ఒక్కో అయస్కాంతపు దెబ్బ వేశారు. ఒకచోట వేయగానే బొటనవేలు దానంతటదే ఎగిరింది. ఆయన నా వంక చూసి, "నేను కదపలేదు" అన్నారు. పదిసార్లు వేస్తే అయిదుసార్లయినా వేలు కదిలే అతి తక్కువ బలం ఎంతో చూస్తారు. దానికి పైన ఇంత శాతం అని లెక్క కట్టి ఆయన డోసు రాశారు. ఈ పని చేయకుండా అందరికీ ఒకటే నంబరు పెట్టే సెంటర్ అయితే లేచి వచ్చేయండి.

తర్వాత రోజూ అదే తంతు. చెవుల్లో ప్లగ్గులు, వాలు కుర్చీ. నాలుగు సెకన్లపాటు సెకనుకి పది చొప్పున టకటకా కొట్టడం, అర నిమిషం కన్నా కాస్త తక్కువ ఆగడం, మళ్ళీ కొట్టడం. ఎడమ కనుబొమ్మ, దవడ అదురుతాయి. మొట్టికాయలు వేస్తున్నట్టుందనేవారు. మొదటి వారం తలనొప్పి వచ్చింది, పారాసిటమాల్‌తో పోయింది. ఆదివారాలు తప్ప వెళ్ళాం. నాకు కష్టమనిపించింది ప్రయాణమే, వైద్యం కాదు.

మూడో వారం దాటాక ఎవరూ చెప్పకుండానే గడ్డం గీసుకున్నారు. మర్నాడు పేపరు అడిగారు. ఫోన్ మోగితే తీశారు. మంచాన పడుండడం తగ్గింది. ఆ మార్పు చాలావరకు నిలిచింది, డిప్రెషన్ మందు ఇంకా వాడుతున్నారు.

మతిమరుపు మటుకు ఎక్కడున్నది అక్కడే ఉంది. పాల ప్యాకెట్లు రెండోసారి తెస్తారు, స్టవ్ ఆపడం మరుస్తారు. దానికి మేం పట్టుకున్నది ఫోన్ అలారాలు, గోడ మీద పలక, రిహాబ్‌లో నేర్పిన పద్ధతులు. కోపం తగ్గింది గానీ ఆ పేరు కాయిల్‌కి ఇవ్వలేను. అదే సమయానికి న్యూరాలజిస్ట్ ఫిట్స్ మాత్ర మార్చారు. అప్పటిదాకా వాడింది లెవిటిరాసిటామ్. కొంతమందికి దానితో విపరీతమైన చిరాకు వస్తుందని అప్పుడే తెలిసింది. మీ తమ్ముడు కూడా అదే వాడుతున్నాడేమో చీటీ చూడండి. వాడుతుంటే సొంతంగా ఆపకండి, హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టర్‌ని అడగండి, పైసా ఖర్చు లేని పని.

ఫిట్స్ మాట వచ్చింది కాబట్టి. ఈ వైద్యంలో అసలు భయం అదొక్కటే. మామూలు డిప్రెషన్ పేషెంట్లలో చాలా అరుదు, వెయ్యిమందిలో ఒకరికి కూడా రాదంటారు. కానీ తలకు దెబ్బ తగిలినవాళ్ళకి కాయిల్ లేకుండానే ఫిట్స్ వచ్చే అవకాశం ఎక్కువ. రాత్రంతా నిద్ర లేకపోయినా, మద్యం తాగినా, మాత్ర ఒకపూట వదిలేసినా, బుప్రోపియాన్ (డిప్రెషన్ మందు), ట్రమడాల్ (నొప్పి మందు) లాంటివి వాడుతున్నా ఆ ముప్పు పెరుగుతుంది. మాకు రోజూ కూర్చోబెట్టే ముందు నిద్ర పట్టిందా, మాత్ర వేశారా అని అడిగేవారు. డాక్టర్ లేకుండా టెక్నీషియన్ ఒక్కడే నడిపే చోటు మీ తమ్ముడికి వద్దు.

నన్నడిగితే, ప్యాకేజీ కన్నా ముందు చేయించాల్సినవి వేరే ఉన్నాయి. మంచం దిగకపోవడానికి డిప్రెషనే కారణం కానక్కర్లేదు. తలలో నీరు చేరుతోందేమో కొత్త స్కాన్ చెప్తుంది. దెబ్బకి మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని హార్మోన్లు పడిపోతే మనిషి అచ్చం ఇలాగే నీరసంగా పడుంటాడు, థైరాయిడ్, కార్టిసాల్ రక్తపరీక్షల్లో ఆచూకీ దొరుకుతుంది. సోడియం కూడా చూడమనండి. ఇవన్నీ సరిగ్గా ఉండి, సైకియాట్రిస్ట్ చూసి డిప్రెషనే అని తేల్చి, మందులు సరైన డోసులో వాడినా లాభం లేకపోతే అప్పుడు ఆర్‌టీఎంఎస్ గురించి ఆలోచించడం న్యాయం. చదువు, ఉద్యోగం, జ్ఞాపకశక్తి తిరిగొస్తాయనే ఆశతో అయితే ఆ డబ్బు రోజువారీ పనులు మళ్ళీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపీకి, స్పీచ్ థెరపీకి పెట్టండి. ఏడాది దాటినా వాటితో మెరుగయ్యేవాళ్ళు ఉన్నారు.

రెండో అభిప్రాయానికి బెంగళూరు వెళ్ళగలిగితే మానసిక, మెదడు జబ్బుల ప్రభుత్వ ఆసుపత్రి నిమ్హాన్స్ చూడండి. ఆర్‌టీఎంఎస్ చేసే సైకియాట్రీ విభాగం, న్యూరో రిహాబ్ విభాగం రెండూ అక్కడే ఉన్నాయి, అమ్ముకునే ప్యాకేజీ ఉండదు. డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్స్, స్కాన్ సీడీలు, మందుల చీటీలు అన్నీ ఒక ఫైల్లో పట్టుకెళ్ళండి. ఎముక ఏ వైపు తీశారో, ఇంతవరకు ఫిట్స్ వచ్చాయో లేదో, ప్రస్తుతం ఏ మాత్రలు నడుస్తున్నాయో ఇక్కడ రాస్తే, సెంటర్ వాళ్ళని ఏమేం అడగాలో ఇంకాస్త వివరంగా చెప్తాను.