పెద్దవాళ్ల స్మార్ట్‌ఫోన్ క్లాసు: చెప్పింది వారానికే మర్చిపోతుంటే

మీ రిటైర్మెంట్ కమ్యూనిటీలో మూడో వారానికే సగం మంది క్లాసు మానేశారంటే, దానికి కారణం వయసని అనుకోకండి. చాలాసార్లు జరిగేది ఇది: నేర్పేవాళ్లు ఫోన్ అందుకుని తామే చకచకా చేసి ఇచ్చేస్తారు. చూస్తున్నంతసేపూ వచ్చేసినట్టే ఉంటుంది, గదికి వెళ్లాక ఒక్కటీ గుర్తుండదు.

1. ఫోన్ నేర్చుకునేవాళ్ల చేతిలోనే ఉండాలి. మీరు నోటితో మాత్రమే చెప్పండి.

2. అందరూ వదిలేసేది ఇదే. కొత్త పాఠానికి ముందు, పోయిన వారం నేర్చుకున్న పనిని, మనవరాలికి వీడియో కాల్ చేయడమే అనుకోండి, ఆ పని ఎలా చేయాలో రాసుకున్న కాగితం చూడకుండా వాళ్లచేతే చేయించండి. తడబడితే వెంటనే అందించకండి. ఆ కాసేపు ఆగడం మనకే కష్టం, కానీ మళ్లీ మళ్లీ వినిపించడం కన్నా సొంతంగా గుర్తుతెచ్చుకున్నదే ఎక్కువ కాలం నిలుస్తుంది. బొత్తిగా రాకపోతే అప్పుడు కాగితం చూడనివ్వండి. ఆ కాగితం కూడా వాళ్ల చేత్తో, వాళ్ల మాటల్లో రాసుకున్నదైతే మంచిది.

3. క్లాసుకి ఒక్క పనే.

4. వేలు ఎక్కువసేపు ఆనడం వల్ల ఐకాన్లు కదిలిపోతుంటే, ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో 'టచ్ అండ్ హోల్డ్ డిలే' అని వెతికి సమయం పెంచండి.

5. వయసుతో వచ్చే వినికిడి లోపంలో స, శ లాంటి సన్నని శబ్దాలు ముందుగా అందకుండా పోతాయి. అరవకండి, ముఖం కనబడేలా నిలబడి నెమ్మదిగా చెప్పండి.

యూపీఐ పాఠం పెడితే మొదటి మాట ఇదే కావాలి: డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.