ఉజ్జీవం గురించి రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

ఒంగోలు ఉజ్జీవం మీద, అంటే అక్కడి జనం మూకుమ్మడిగా క్రైస్తవంలో చేరిన ఆ కదలిక మీద, నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని చెప్పి, వెంటనే ‘ఆత్మ కుమ్మరింపు’ అని తేల్చేశావు. ఆ అంకె దగ్గర ఇంకాసేపు ఆగవలసింది. బోధకులు ఆరుగురున్నా ఒక్కో విడతకు నీళ్లలోకి దిగింది ఇద్దరే. తెల్లవారి మొదలుపెట్టి, ఎండవేళ ఆపి, సాయంత్రానికి ముగించారు. తొమ్మిది గంటల పని అనుకున్నా ఒక్కో మనిషికి దక్కింది అర నిమిషం. ఆ అర నిమిషం కోసం వాళ్లు ఎన్నాళ్లు కాచుకున్నారన్నదే అసలు సంగతి.

1876–78 కరవులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, ఆకలితో వచ్చినవారికి కూలి ఇప్పించాడు. మట్టితట్టలు దించి కూలీలు సేదతీరే వేళ పక్కన కూర్చుని బోధించినవారూ ఆ మేస్త్రీలే. అయినా కరవు సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మం అడిగినవారిని ఆయన తిప్పి పంపాడు. గంజి కోసం కలిశారన్న నిందను రెండు విశేషణాలతో కొట్టిపారేసిన నువ్వు, ఈ తిప్పి పంపడం గురించి ఒక్క ముక్క రాయలేదు. అలాగని కరవుకు పాత్రే లేదంటే ఎవరూ నమ్మరు. పస్తుల రోజుల్లో కూలి ఎగ్గొట్టకుండా చేతిలో పెట్టినవాడి మాటకు విలువ పెరగడం విశ్వాసానికి చిన్నతనమేమీ కాదు.

నీ వ్యాసం నిండా క్లౌ దొరే కనిపిస్తున్నాడు. యర్రగుంట్ల పేరయ్య ఏడి? తోళ్ల వ్యాపారం మీద తిరుగుతూ క్రైస్తవ బోధ విని, 1866లోనే బాప్తిస్మం పొంది, మాదిగపల్లెల్లో కాలినడకన ఆ మాట చెప్పిన మనిషిని పక్కన పెడితే, ఎనిమిది మందితో 1867 జనవరి 1న మొదలైన ఒంగోలు సంఘం పల్లెలకు ఎలా పాకిందో అర్థం కాదు.

‘సామాజిక చైతన్యం’ అని నువ్వు ఒక్క మాటలో దాటేసిన చోటే నిలబడి రాయాలి. చేరినవారికి పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పనికి పోకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇవి మతనియమాలే. కానీ ఆదివారం రానంటే ఆసామికి కోపం, జాతరలో డప్పు కొట్టనంటే ఊరంతటికీ కోపం. తరతరాలుగా పిలిస్తే పలికిన మనిషి మొదటిసారి ‘రాను’ అన్నాడు. (ఉజ్జీవమన్న మాట ఇప్పుడు మూడు రోజుల సభల పోస్టర్ల మీద అరిగిపోయింది, దానికి ఒకప్పుడు ఇంత ఖరీదుండేది.)

ఈసారి ఆ ఆదివారంతోనే మొదలుపెట్టు. 2,222ను చివరి పేజీ దాకా రానీయకు. పేరయ్య భార్య నాగమ్మ గురించి కూడా వెతుకు. ప్రతిని కాస్త పెద్ద అక్షరాల్లో పంపు, నా కళ్లు మునుపటిలా లేవు.