అంచు మాత్రం కోయించొద్దు అబ్బయా

అబ్బయా,

కందుకూరులో పాత టూరింగ్ టాకీస్ సామాన్లలో నీకు దొరికిన పోస్టర్ల ఫోటోలు చూశాను. రాత్రి మళ్ళీ లేచి ఇంకోసారి చూసుకున్నాను. అంచులు చిరిగాయి కాబట్టి నాలుగు వైపులా అరంగుళం కోయించి ఫ్రేమ్ కట్టిస్తానన్నావే, ఆ పని మాత్రం చేయొద్దు.

ముప్పై ఏళ్ల కిందట నేనూ ఇదే చేశాను. నెల్లూరులో ఒక ఫ్రేముల షాపులో ఇచ్చి సైజుకు సరిపెట్టమన్నాను, అతను స్కేలు ఆనించి కింది తెల్ల పట్టీ మొత్తం బ్లేడుతో లాగేశాడు. ప్రెస్ పేరు, ఊరు చిన్న అక్షరాల్లో ఉన్నది ఆ పట్టీలోనే. మూలన ఆర్టిస్టు సంతకంలో తలకట్లు మిగిలాయి, అంతే. తర్వాత పోస్టర్లు కొనే ఆయన ఒకరు ఇంటికొచ్చి, టేపుతో కొలిచి, "ఇది మొదటి రిలీజుదో, తర్వాత వేసిందో ఎట్లా చెప్పేది సార్" అని వెళ్ళిపోయాడు. ఆ మాట ఇప్పటికీ బాధే.

మన సినిమాలు మళ్ళీ మళ్ళీ ఆడేవి కదా, ప్రతిసారీ కొత్తగా పోస్టర్లు వేసేవాళ్ళు. 1957 నాటి మాయాబజార్‌కు రంగులద్ది 2010లో మళ్ళీ విడుదల చేశారు, గుర్తుందా? ఏది ఎప్పటిదో తేల్చడానికి కింది పట్టీలోని ఆ ప్రెస్ పేరు, కాగితం కొలత పెద్ద ఆధారం. మన సింగిల్ షీట్, అంటే ఒకే కాగితం మీద వేసిన పోస్టర్, సాధారణంగా 30 × 40 అంగుళాలు. అమెరికా వాళ్ళది 1980ల దాకా 27 × 41, ఆ తర్వాత 27 × 40, ఆ ఒక్క అంగుళంతోనే అక్కడ కాలం గుర్తుపడతారు. కొలత తగ్గిందంటే కొనేవాడికి మొదట వచ్చేది అనుమానమే.

తెల్ల అంచు కాస్త పోతే ధర కొంత తగ్గుతుంది. బొమ్మలోకో టైటిల్‌లోకో కోత వెళ్తే బాగా పడిపోతుంది. మరీ అరుదైనదైతే కోసినా తీసుకునేవాళ్ళుంటారనుకో. చిరుగు, మడత అట్లా కాదు. ఆ రోజుల్లో పోస్టర్లు మడిచే పంపేవాళ్ళు కాబట్టి మడత గీతల్ని జనం ఒప్పుకుంటారు, చిరుగును పనితనం తెలిసినవాడు వెనక నుంచి పల్చటి కాగితంతో అతుకుతాడు. పోయిన అంచును కొత్త కాగితంతో కట్టి రంగు వేయొచ్చు కూడా, కానీ అమ్మేటప్పుడు ఆ సంగతి చెప్పి తీరాలి.

నువ్వు కొనేటప్పుడూ చూసుకో. నాలుగు అంచులూ పక్కపక్కన పెట్టి చూడు, మూడు గోధుమరంగు తిరిగి ఒకటి మాత్రం తెల్లగా, పదునుగా ఉంటే అది ఈమధ్య కోసిందే.

ఫ్రేమే పెద్దది చేయించు, చిరిగిన అంచు మౌంట్ కిందకి, అంటే ఫ్రేమ్ లోపల చుట్టూ పెట్టే అట్ట కిందకి పోతుంది. అద్దం పోస్టర్‌కు తగలనీయొద్దు, మన వైపు ఉప్పుగాలికి చెమ్మ పట్టి అతుక్కుపోతుంది. సెల్లోటేప్, లామినేషన్ వద్దే వద్దు.

ముందు నాలుగు మూలల ఫోటోలు దగ్గర్నుంచి తీసి పంపు. కింద ఎడమ మూల ఇంకా దగ్గరగా, అక్కడేదో పేరు కనిపించినట్టుంది నాకు.

మీ పెదనాన్న